ట్రేలో అమ్మ చెప్పులు

బెల్టు తీయండి, వాచీ తీయండి, జేబులో చిల్లర తీయండి, లాప్‌టాప్ బయట పెట్టండి, బూట్లు విప్పండి. ముందు హిందీలో, తర్వాత ఇంగ్లిషులో, ఆ తర్వాత ఎవరో నేర్పిన తెలుగులో, యూనిఫాం వేసుకున్న కుర్రాడు గొంతు బొంగురుపోయేలా అవే మాటలు అంటున్నాడు, జనం విప్పుతున్నారు. ఎంత బుద్ధిగా విప్పుతున్నారో. బయట ఒకడినొకడు తోసుకుంటూ వచ్చినవాళ్ళు, ట్రాలీ తగిలితే కస్సుమన్నవాళ్ళు, ఇక్కడికొచ్చేసరికి బడిపిల్లల్లా వంగి లేసులు లాగుతున్నారు. వాళ్ళకేం, విప్పి మళ్ళీ వేసుకుంటారు, విమానం ఎక్కగానే మరిచిపోతారు. నాకు మాత్రం విప్పండి అన్న మాట చెవినపడ్డప్పటినుంచి కణతలు కొట్టుకుంటున్నాయి. నా పక్కన మా అమ్మ పుల్లమ్మ నిలబడి ఉంది. డెబ్బై దాటింది, విమానం ఎక్కడం ఇదే మొదలు, ఢిల్లీలో మా తమ్ముడు అనిల్ కుమార్‌కి కూతురు పుడితే ఎత్తుకోవడానికి బయల్దేరింది. ఆమె కాళ్ళకి లావు అడుగూ వెనక పట్టీ ఉన్న చెప్పులున్నాయి, షుగరు జబ్బువాళ్ళకని ప్రత్యేకంగా చేసేవి. ఆ చెప్పులు ఆమె కాళ్ళనుంచి ఊడకూడదు. విమానం అందాలి, మనవరాల్ని చూడాలి, అదంతా సరే. ఈ గంటలో నాకు కావలసింది మాత్రం ఆ చెప్పులు ఊడకుండా అమ్మ అవతలికి చేరడం.

గుంటూరు డాక్టరు మెత్తగా చెప్పే మనిషి కాదు. కుడికాలి చిటికెనవేలు తీసేసిన రోజున నన్ను బయటికి పిలిచి, ఈసారి పుండు పడితే వేలితో ఆగదమ్మా, పాదం పోతుంది, ఆవిడకి అరికాళ్ళలో స్పర్శ లేదు, నిప్పు తొక్కినా తెలీదు, ఇంట్లో కూడా ఒట్టి కాళ్ళతో నడవనివ్వొద్దు అన్నాడు. నిప్పు తొక్కినా తెలీదు. తొక్కింది కూడా, తొక్కింది కాబట్టే వేలు పోయింది. పోయిన వేసవిలో మా ఊరి ఆసామి శివరామకృష్ణగారి తల్లి పోయింది. ఆవిడ చేలో ముప్ఫై ఏళ్ళు మిరపకాయలు కోశాను, చివరిచూపు చూసొస్తానని అమ్మ వెళ్ళింది. పెద్దబజారు మొదట్లో చెప్పులు విడిచి చేతపట్టుకుంది. మిట్టమధ్యాహ్నం, కొత్తగా వేసిన సిమెంటు రోడ్డు, శవం లేచేదాకా ఆ రోడ్డు మీదే వాళ్ళ వాకిట్లో నిలబడింది. మళ్ళీ బజారు దాటాక చెప్పులేసుకుని ఇంటికొచ్చి అన్నం తిని పడుకుంది. అరికాళ్ళు బొబ్బలెక్కిన సంగతి ఆమెకి తెలియదు. వాసన వచ్చాక నాకు తెలిసింది. ఎందుకమ్మా విప్పావు, ఎవరు విప్పమన్నారు అని ఆసుపత్రి వరండాలో గట్టిగా అరిచాను, చుట్టుపక్కలవాళ్ళు తిరిగి చూసేలా అరిచాను. ఎవురూ అన్లేదే, నేనే ఇప్పా అంది.

ఎవరూ అనలేదు. అదే కదా నా కడుపుమంట. మా ఇళ్ళున్న చోటుని పల్లె అనేవాళ్ళు, వాళ్ళ ఇళ్ళున్న చోటుని ఊరు అనేవాళ్ళు, పల్లె నుంచి చేలకి పోవాలంటే ఊరి మధ్యనుంచి, పెద్దబజారు మీదుగా పోవాలి. బజారు మొదలవగానే ఆడామగా అందరి చెప్పులూ చేతుల్లోకి వచ్చేవి. అమ్మ నెత్తిన అన్నం క్యారేజి, ఒక చేత్తో నా చెయ్యి, చంకలో చెప్పులు. నాకు మిషను స్కూలువాళ్ళు నల్లబూట్లు ఇచ్చారు, వాటినీ విప్పించి లేసులు ముడేసి భుజాన వేసుకునేది. ఎందుకమ్మా అంటే, కాళ్ళకి గాలి తగలాలే అనేది. నేను నమ్మాను. చాలా ఏళ్ళు నమ్మాను. పెద్దబజారులో గాలి బాగా వస్తుంది కాబోలు అనుకునేదాన్ని. ఆఖరి ఇల్లు దాటాక చెప్పులు దబ్బున కింద పడేసి, కాళ్ళు దూర్చి, చకచకా నడిచేది. అరుగుల మీద కూర్చున్నవాళ్ళు మమ్మల్ని తిట్టలేదు, కొట్టలేదు, విప్పమని ఒక్కనాడూ అనలేదు. వేసుకోమనీ అనలేదు. ఇప్పటి పిల్లలు ఆ బజార్లో బూట్లేసుకుని బళ్ళమీద తిరుగుతున్నారు, ఎవరూ ఆపడంలేదు, మా అమ్మని కూడా ఆపరు. ఆమే ఆగుతుంది. బజారు మొదట్లో కాళ్ళు వాటంతటవే ఆగిపోతాయి. అది చూస్తే నాకు ఎవరిని కొట్టాలో తెలియదు.

చక్రాల కుర్చీ అడుగుతానమ్మా అంటే వినలేదు. కాళ్ళున్నదాన్ని నన్నెందుకే తోసుకుపోవటం అంది. కాళ్ళున్నదట. సరే, కాళ్ళున్నావిడని నడిపించుకుంటూ వస్తే ఇదిగో ఈ వరస, తాళ్ళు కట్టి మలుపులు తిప్పి, కదిలినట్టే ఉంటుంది కానీ కదలదు. వెనక్కి తిరిగి ఎంతమంది ఉన్నారో చూశాను, అప్పుడు కనపడ్డాడు. తెల్లచొక్కా, చేతిలో చిన్న తోలుసంచి, నెత్తిన వేసిన నల్లరంగు కింద బయటపడుతున్న తెల్లవెంట్రుకలు. శివరామకృష్ణగారు. ఇంత పెద్ద ప్రపంచంలో, ఇన్ని విమానాలుండగా, ఈయనకీ ఇప్పుడే పని పడాలా. ఫోనులో ఎవరితోనో మిరపకాయల ధర మాట్లాడుతున్నాడు, కోల్డ్ స్టోరేజీలో సరుకు ఇంకో నెల ఆపమంటున్నాడు. మమ్మల్ని ఇంకా చూడలేదు. అమ్మ కూడా ఆయన్ని చూడలేదు, చూస్తే ఏం చేస్తుందో నాకు తెలుసు. ఇక్కడే, ఈ పాలరాతి నేలమీదే, ఇంతమందిలో, ఎవరూ అడక్కుండానే చెప్పులు విప్పి చంకలో పెట్టుకుంటుంది. అందుకని ఆయనకీ ఆమెకీ మధ్య అడ్డంగా నిలబడ్డాను. ముందు మిషను, వెనక ఆయన. ఇటు రూలు, అటు పెద్దబజారు. మనుషులు చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని నిలబడే చోటే లేదా ఈ దేశంలో.

రెండేళ్ళ కిందట చిలకలూరిపేటలో నేను పనిచేసే హైస్కూలుకి బెంచీలు ఇచ్చాడాయన. వార్షికోత్సవంలో మైకు పట్టుకుని, మా ఊళ్ళో ఎప్పుడూ తేడాలు లేవండీ, పల్లెవాళ్ళూ మేమూ అన్నదమ్ముల్లా పెరిగాం అన్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. సోషల్ టీచర్ని నేను, చేతులు కట్టుకుని కూర్చున్నాను. అబద్ధం చెప్పాడని కాదు నా కోపం, ఆయన నిజంగానే అలా అనుకుంటున్నాడు. అరుగు మీద పేపరు చదువుకునేవాడికి కింద రోడ్డు మీద ఎవరి కాళ్ళు కాలుతున్నాయో ఏం తెలుస్తుంది. కోపిష్టివాడైతే బాగుండేది, ఒక్కమాట అన్నా పట్టుకుని నిలదీసేదాన్ని. ఎప్పుడు కనపడ్డా నవ్వుతాడు. నన్ను పేరు పెట్టి, ఏం స్తుతీ, బాగా చదువు చెబుతున్నావంటగా అంటాడు. నేను గారు పెట్టి పిలుస్తాను, ఆయన నువ్వు అంటాడు. నా వయసు యాభైకి దగ్గరపడింది.

వరస జరిగింది. అమ్మ చేతిసంచి బెల్టు మీద పోయి అవతల ఆగిపోయింది. యూనిఫాం కుర్రాడు సంచి ఎత్తి, ఇది ఎవరిది అన్నాడు. లోపల్నుంచి హార్లిక్స్ సీసా తీశాడు, దాన్నిండా ఎర్రగా కొరివికారం. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కారాలూ పచ్చళ్ళూ అన్నీ పెద్దపెట్టెలో పెట్టి సామానులో వేయించాను, అమ్మ కళ్ళముందే వేయించాను. ఆ రబ్బరుపట్టీ మీద పోయింది మళ్ళీ వచ్చిద్దంటావా అని అప్పుడే అంది. నమ్మకం లేక ఒక సీసా తన దగ్గర దాచుకుంది. పండుమిరపకాయలు ఎంచి, తొడిమలు తీసి, తుడిచి, చింతపండు వేసి రోట్లో తొక్కిన కారం, కొడుక్కి. ఆ కుర్రాడు తల అడ్డంగా ఊపి సీసాని పక్కనున్న డబ్బాలో పడేశాడు. రూలంట, కారం పైకి తీసుకుపోకూడదంట. జీవితమంతా చేతులు మండుతూ కోసి, ఏరి, ఎండబెట్టి, బస్తాలకెత్తి దేశానికి పంపిన మనిషి చేతిలో ఒక సీసాడు కారం ప్రమాదమట. ఇన్నేళ్ళూ ఆ కారం ఆమె కళ్ళలో పడినప్పుడు ఏ రూలూ రాలేదు. నేను నోరు తెరిచేలోపే అమ్మ నా మోచెయ్యి గిల్లింది. పోనీలేవే, ఆ పిలగాడి ఉజ్జోగం ఊడిద్ది అంది. ఎప్పుడూ ఇంతే, ఎవరిదో ఏదో ఊడుతుందని ఈమెకి బాధ, తన వేలు ఊడింది మాత్రం గుర్తుండదు.

ఆడవాళ్ళ వైపు నిలబడ్డ అమ్మాయికి పాతికేళ్ళుంటాయి, ఎక్కడో ఉత్తరాది పిల్ల, జుట్టు బిగించి ముడేసుకుంది, కళ్ళకింద నలుపు. ఈ పిల్లని ద్వేషించాలని చాలా ప్రయత్నించాను. అమ్మ కాళ్ళవైపు చూసి, మాతాజీ, చప్పల్ అంది, వేలితో ట్రే చూపించింది. అడుగు లావుగా ఉంది కదా, మిషన్‌లో చూడాలట. నాకొచ్చిన హిందీ అంతా కూడదీసుకున్నాను. షుగర్, పేషెంట్, వేలు కట్, డాక్టర్ మనా కియా, వద్దన్నాడు. ఆ అమ్మాయి విన్నది, పాపం శ్రద్ధగానే విన్నది, విని మళ్ళీ, చప్పల్ చెక్ హోగా అంది. ఏదైనా తొడుగు ఇవ్వండి, కుర్చీలో కూర్చోబెట్టి చెక్ చేయండి అని చెబుదామని మాటలు వెతుక్కుంటున్నాను, పక్కకి తిరిగేసరికి అయిపోయింది. అమ్మ చెప్పులు విప్పేసింది. ఒక కాలితో రెండో కాలి పట్టీ వెనక్కి రాసి, కన్నుమూసి తెరిచేలోపు. మోకాళ్ళ నొప్పులతో మెట్టెక్కలేని మనిషి, చెప్పులు విప్పడంలో ఆ వేగం ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు, తెలుసు కాబట్టే ఒళ్ళంతా భగ్గుమంది. వంగి రెండూ ఒక చేత్తో తీసి, చంకలో ఇరికించుకుని, తలదించుకుని, మెటల్ డిటెక్టర్ చౌకట్టులోంచి నడిచింది. మిషను కుయ్యిమంది. యూనిఫాం అమ్మాయి వెనక్కి రమ్మంది. ట్రే, మాతాజీ, ట్రే అంటోంది. అమ్మ ట్రేలో పెట్టడంలేదు.

పెట్టమ్మా అన్నాను. గొణిగింది. ఏమిటి అన్నాను. "అందరి సామాన్లూ పోతన్నయ్యి గదే ఆ టబ్బుల్లో. సంచులు, తిండివి. నా చెప్పులు పెడితే తర్వాత వాళ్ళేమనుకుంటారు" అంది, వెనక వరసలోకి బెదురుగా చూస్తూ. ఇంతమంది బూట్లు ఆ ట్రేలలోనే పోతున్నాయమ్మా, బాత్రూముల్లో తిరిగిన బూట్లు, బురద తొక్కిన బూట్లు, ఒక్కడన్నా ఏమనుకుంటారోనని ఆలోచించాడా. నీ చెప్పులే మైలా. నీ ఒక్కదానివే. ఎవరు పెట్టారమ్మా నీ బుర్రలో ఇది, పెట్టినవాడు వెనకే ఉన్నాడు, వాడికి ఆ సంగతి కూడా తెలియదు. ఇవన్నీ పైకి అన్నానా, అనలేదా, గుర్తులేదు. చెప్పులు ఆమె చంకలోంచి లాక్కుని ట్రేలో పడేశాను. చప్పుడు పెద్దగానే అయింది, నలుగురూ చూశారు, చూడనీ. మా ట్రే లోపలికి పోయింది. అమ్మ ఒట్టి కాళ్ళతో ఆ నేలమీద నిలబడి ఉంది, కుడికాలికి నాలుగే వేళ్ళు. నా చున్నీ తీసి ఆమె ముందు పరిచాను. దీనిమీద నడువమ్మా అన్నాను. అమ్మ దాన్ని చూసింది, నన్ను చూసింది. "పార్థనలో నెత్తిన కప్పుకునేదాన్ని తొక్కమంటావా. తియ్, అందరూ చూస్తన్నారు" అని చున్నీ చుట్టూ తిరిగి పోయింది. చున్నీ మీద నడిస్తే నాలుగడుగులు, చుట్టూ తిరిగింది కాబట్టి అంతకంటే ఎక్కువ. నాకు అమ్మ మీద కూడా కోపం వచ్చింది. వస్తుంది, ఎందుకు రాదు.

తెరచాటు గదిలో చేతులు చాపి నిలబడితే ఆ అమ్మాయి అమ్మ ఒళ్ళంతా మిషనుతో తడిమింది. జాకెట్టు కుట్టిద్దంటనా ఏంది, కొలతలు తీస్తంది అని అమ్మ నావైపు చూసి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. బయటికొచ్చి బెంచీ మీద కూర్చోబెట్టాను, నేలమీద కూర్చుని పాదం ఒళ్ళోకి తీసుకున్నాను. ఎడమది బాగానే ఉంది. కుడిది ఎత్తి చూస్తే మడమ దగ్గర చిన్న మెరుపు. స్టాపిల్ పిన్ను. చేతిసంచులకి తగిలించే కాగితాలకి కొడతారే, అది, ఒక కొస లోపలికంటా దిగింది. అమ్మ అవతల గాజు తలుపుల్లోంచి కనపడే విమానాన్ని చూస్తూ, రెక్కలు ఇంతేనా, ఇంకా పెద్దయ్యనుకున్నా అంటోంది. పిన్ను లాగాను. ఒక రక్తపు బొట్టు లేచింది. ఆమె కాలు కదల్లేదు. రెక్కల గురించే మాట్లాడుతోంది. అరుద్దామంటే ఎవరిమీద అరవాలి, రూలు మీదా, రాత్రింబగళ్ళు నిలబడి కాళ్ళు వాచిన ఆ పిల్ల మీదా, ఊడ్చినవాళ్ళ మీదా. రుమాలు సీసానీళ్ళతో తడుపుదామంటే నీళ్ళు బయటే పారబోయించారు. పొడి రుమాలే నొక్కిపట్టాను. రక్తం ఆగిందా లేదా తీసి తీసి చూస్తున్నాను. ఢిల్లీలో దిగగానే డాక్టరు దగ్గరికి, అనిల్‌కి ఇప్పుడే ఫోన్ చేయాలి, వద్దు, వాడు కంగారు పడతాడు, దిగాక చెబుదాం. చెప్పులింకా రాలేదు, రెండోసారి పంపారు మిషన్లోకి. వచ్చాయి. నేను లేచి ఆ ట్రే తెచ్చాను, అమ్మ నాకంటే ముందే చెయ్యి పెట్టి తీసుకుంది, తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. ఆగు, రక్తం ఆగనీ, అప్పుడు తొడుగుతా అన్నాను. ఏం రక్తమే అంది. ఏం లేదులేమ్మా అన్నాను.

అప్పుడొచ్చాడు శివరామకృష్ణగారు. ఒక చేత్తో జారిపోతున్న ప్యాంటు పట్టుకుని, రెండో చేతిలో బూట్లూ బెల్టూ పట్టుకుని, మేజోళ్ళ కాళ్ళతో జారుతూ కూర్చునే చోటు కోసం వెతుక్కుంటూ. అక్కడున్నది మా బెంచీ ఒక్కటే. ముందు నన్ను చూశాడు, తర్వాత అమ్మని. అమ్మ ఒట్టి కాళ్ళని, ఒళ్ళో చెప్పుల్ని. ఆయన మొహం మెత్తబడింది. ఆ మెత్తదనం నేను ఎప్పటికీ క్షమించను. "ఏం పుల్లమ్మా, నువ్వా. బాగున్నావా" అన్నాడు. అని, గొంతు తగ్గించి, ఎంతో దయగా, "అయ్యో, ఇక్కడెందుకులే. వేసుకో, ఫర్వాలేదు" అన్నాడు.

వేసుకో, ఫర్వాలేదు. తనకోసం విప్పిందనుకున్నాడు. తనని చూసి, ఈ విమానాశ్రయంలో, భయంతో, మర్యాదతో విప్పిందనుకున్నాడు. అనుమతి ఇస్తున్నాడు. అంటే తెలుసు. ఇన్నేళ్ళూ తెలుసు. అరుగు మీద పేపరు వెనకనుంచి ప్రతి జత చెప్పులూ చంకలోకి పోవడం చూస్తూనే ఉన్నాడు, తెలుసు కాబట్టే ఈరోజు ఆ మాట ఇంత సులువుగా నోట్లోంచి వచ్చింది. తెలియదనుకుని నేను జాలిపడ్డ మనిషి. తల్లి శవం దగ్గర ఎండలో ఈ కాళ్ళు కాలుతున్నప్పుడు ఈ మాట ఎక్కడ దాచుకున్నాడు. నేను లేచాను, రక్తపు రుమాలు చేతిలోనే ఉంది, ఆ రుమాలు ఆయన కళ్ళముందు పెట్టి అడగాల్సినవి నా చిన్నతనం నుంచీ పేర్చుకున్నవి ఉన్నాయి. అమ్మ నా చెయ్యి పట్టి కిందికి లాగింది. అమ్మ లేవలేదు. ఆయన నిలబడి ఉండగా అమ్మ కూర్చుని ఉండటం నేను అంతకుముందు చూడలేదు.

"తమకోసం కాదు బాబుగారూ" అంది. "ఆ పిల్ల ఇప్పమంటే ఇప్పా. తమకీ అదే చెప్పినట్టుందిగా."

ఆయన తన చేతిలో బూట్లవైపు చూసుకున్నాడు. అప్పుడే మొదటిసారి చూసుకున్నట్టు చూసుకున్నాడు. అక్కడే నిలబడి ఒంటికాలి మీద బూటు తొడుక్కోబోయాడు, మేజోడు నున్నటి నేలమీద జారి, తూలి, మా బెంచీ అంచు పట్టుకున్నాడు. అమ్మ చెప్పులు నా చేతికిచ్చి కాలు చాపింది. నేను మళ్ళీ నేలమీద కూర్చుని, రుమాలు మడమకి మడతపెట్టి, చెప్పు తొడిగి పట్టీ బిగించాను. రెండోదీ తొడిగాను. ఆయన ఇంకా బెంచీ పట్టుకునే ఉన్నాడు. అమ్మ చెప్పుల కాళ్ళు రెండూ నేలకానించి కొంచెం పక్కకి జరిగింది.

"ఇట్టా కూర్చుని ఏసుకోండి బాబుగారూ," అంది, "పర్లేదు."